పెట్టె మీద రెండు పుల్లలు

మా బెతయా వదిన కుదురుగా కూర్చోగా నేను చూసింది ఒకే ఒక్కసారి. ఆ సంగతి చివర చెప్తాను. మిగతా జీవితమంతా ఆవిడ నిలబడే బతికింది. ఆదివారం చర్చిలో ప్రసంగం ఎంతసేపు సాగినా బల్ల అంచుకి కాస్త ఆనుకుని, కిటికీలోంచి గాలి ఏ పక్కకి తిరిగిందో చూస్తూ ఉండేది.

గాలి ఈశాన్యానికి తిరిగితే మా ఊరు గల్‌నెక్‌లో ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కదు. ఆ గాలి బోస్టన్ వెళ్లే ఓడల్ని మా ఇసుకమేటల మీదికి తోస్తుంది. ఓడ పగిలితే సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తుంది. ముందు మనుషుల్ని లాగుతాం, తర్వాత సరుకు. సరుకు విషయంలో మాకో కట్టుబాటు ఉంది. ఎవరు ముందు చూసి, పోటు నీళ్లు అందని చోటికి లాగి, పైన రెండు పుల్లలు అడ్డంగా పెడతారో వస్తువు వాళ్లది. ఆ తర్వాత వాళ్లు ఎన్నాళ్లు రాకపోయినా ఇంకొకరు ముట్టరు. పక్కింటి కోడిని పులుసు పెట్టుకున్న మహానుభావులు మా ఊళ్లో ఉన్నారు గానీ, పుల్లలున్న చెక్కముక్కని కదిపినవాడు లేడు. ఆ పుల్లలు శిలువలా ఉన్నాయనీ, అది రోములోని పోపు మతం వాళ్ల పద్ధతనీ పాదిరిగారు గొణిగేవారు. ఆయన ఇంటి దూలం మాత్రం ఆయన పుల్లలు పెట్టి తెచ్చుకున్నదే.

నా పేరు పేషెన్స్. ఓర్పు అని అర్థం. పెట్టినవాళ్లు నన్ను సరిగ్గా చూసి ఉండరు. బెతయా మా అన్న ఇసాకర్ భార్య. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య కంచెలో ఒక పలక ఎప్పుడూ ఊడే ఉండేది. మేమిద్దరం రోజూ దూరేది అందులోంచే కాబట్టి దాన్ని ఎవరూ బాగు చెయ్యలేదు.

మా అన్నకి ఒంటి తెరచాప ఓడ ఉండేది. ఫ్రెంచి దీవుల నుంచి చెరకుపాకం పీపాలు తెచ్చేవాడు. అందరూ తెచ్చేవాళ్లే. సుంకం కట్టేవాణ్ణి మా తీరంలో పిచ్చివాడి కింద జమకట్టేవాళ్లం. ఆ తర్వాత లండన్‌లో ఎవరి ఖజానానో ఖాళీ అయింది, సుంకం పడవలు మా నీళ్లలో కాపు కాయడం మొదలుపెట్టాయి. ఒకరోజు అన్న ఓడ రేవులో ఉండగానే వచ్చారు. వాళ్ల అధికారి ఒక్క మాట మాట్లాడలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి తెరచాప కొయ్య మీద రాజుగారి బాణం గుర్తు గీశాడు. అంతే, ఓడ రాజుగారిదైపోయింది.

వదిన పదేళ్ల కొడుకు జోయెత్ చెయ్యి పట్టుకుని అక్కడే ఉంది. "ఏవయ్యా, ఎవర్ని అడిగి గీశావు?" అంది. అతను వినిపించనట్టు సుద్ద జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. తిట్టినా ఆవిడ మర్చిపోయేదేమో. వినిపించుకోకపోవడం ఆవిడకి జన్మంతా మానని పుండైపోయింది.

ఓడ పోయిన అన్న తిమింగిలాల వేటకి కూలికి వెళ్లాడు, తిరిగి రాలేదు. వదిన నడక అప్పుడు మొదలైంది. తెల్లవారగానే ఒడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేది. మొగుడి కోసం వెతుక్కుంటోందని ఊళ్లో ఆడవాళ్లు కళ్లు ఒత్తుకునేవారు. ఆవిడ ముందు అంటే మాత్రం, "చచ్చినవాడి కోసం కాదమ్మా, పొయ్యిలోకి చెక్కల కోసం. మీ ఇంట్లో ఎక్కువుంటే పంపించండి" అనేది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అది మా వదిన.

ఆవిడకున్న వ్యసనం ఒక్కటే, టీ. దాని మీదా లండన్ వాళ్లు సుంకం వేశారు. టీ ముట్టబోమని ఊళ్లో ఆడవాళ్లందరం ఒట్టు వేసుకున్నాం, వదిన అందరికంటే ముందు వేసుకుంది. దానికి బదులు అడవి ముళ్లపండ్ల ఆకులు ఎండబెట్టి కాచుకునేవాళ్లం. వదిన ఆ కషాయాన్ని రోజూ తాగేది, రోజూ తిట్టేది.

"మేక కక్కిన నీళ్లు పేషెన్సూ! ఇంకో గ్లాసు పొయ్యి."

జోయెత్ పెద్దవాడయ్యాడు. బోస్టన్‌లో తాళ్లు పేనే పనికి వెళ్లి, తాళ్ల కంటే ఎక్కువ మాటలు నేర్చుకుని వచ్చాడు. మా ఊళ్లో టీ మీద నిఘా పెట్టడానికి ఒక కమిటీ వేశారు. దానికి పెద్ద మా చర్చి డీకన్ జబెజ్‌గారు, గొంతు మా జోయెత్. కాలు కాలిన పిల్లిలా ఇల్లిల్లూ తిరిగేవాడు. "మనల్ని అడక్కుండా మన జేబులో చెయ్యి పెట్టే హక్కు ఎవడికీ లేదు!" అని పీపా ఎక్కి అరుస్తుంటే నాకు ఒళ్లు పులకరించేది. వదిన గుంపు వెనకాల నిలబడి వినేది. ఒక్కగానొక్క కొడుకు, తండ్రి గొంతే వచ్చిందని మురిసిపోయేది, పైకి మాత్రం ఒప్పుకునేది కాదు.

ఆ డిసెంబరులో బోస్టన్ రేవులో మనవాళ్లు టీ పెట్టెల్ని నీళ్లలో పారబోశారని కబురొచ్చింది. ఊరంతా ఉడికిపోతోంది. ఎవరూ ఒకచోట నిలబడటం లేదు, ప్రతి తలుపు దగ్గరా గుసగుసలే. సరిగ్గా అప్పుడే ఆ టీ ఓడల్లో దారి తప్పినదొకటి ఈశాన్యపు గాలికి మా ఇసుక మీదికెక్కి కూర్చుంది. మనుషులు బతికారు. పెట్టెలు చాలావరకు రాజుగారి మనుషులు వచ్చి పట్టుకుపోయారు. ఒక్కటి మాత్రం ఎటో కొట్టుకుపోయి, మర్నాడు పొద్దున్న మా వదిన కాళ్ల ముందుకొచ్చింది.

నేను వెళ్లేసరికి దాని మీద రెండు పుల్లలు పెట్టి, ఎవరో తరుముతున్నట్టు దాని చుట్టూ తిరుగుతోంది.

"వదినా, అది టీ పెట్టె!"

"నాకు ముక్కు లేదా?"

"కొంపలంటుకుంటాయి. వదిలెయ్."

"సముద్రం ఇన్నేళ్లలో నా దగ్గర తీసుకోవడమే గానీ ఇచ్చిందేమైనా ఉందా? ఇది ఇచ్చింది. వదలను. వెళ్లి డీకన్‌గారి ఎద్దుని తోలుకురా."

నలుగురు మగాళ్లు కలిస్తే తప్ప కదలని బరువు అది. డీకన్‌గారు ఏ దూలమో అనుకుని ఎద్దుని ఇచ్చారు. పెట్టె వదిన పాకలోకి చేరాక అసలు సంగతి తెలిసి నెత్తి బాదుకున్నారు. "నా ఎద్దు చేత ఎంత పాపం చేయించావే పేషెన్సూ!" అన్నారు. ఎద్దు మాత్రం ఏ పశ్చాత్తాపం లేకుండా గడ్డి మేసింది.

ఆ పూట జోయెత్ ఇంటికొచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. ఉప్పుచేప పులుసు పొయ్యి మీదుంది.

"అమ్మా, పాకలో ఏంటది?"

"పెట్టె."

"రేపు మధ్యాహ్నం కమిటీ వస్తుంది. ఒడ్డున మంట వేస్తాం."

"ఎవరి పెట్టెకి?"

"మన పెట్టెకే."

"మనదా? పుల్లలు పెట్టింది నేను."

"ఆ టీ తాగాలనా నీకు? నాన్న ఓడ ఎవరు లాక్కున్నారో మర్చిపోయావా?"

"ఎవరు లాక్కున్నారో గుర్తుంది. ఎలా లాక్కున్నారో కూడా గుర్తుంది. నువ్వు నన్ను అడిగావా ఇప్పుడు?"

జోయెత్ నా వైపు చూశాడు, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు. "అమ్మా, నేను నీ కొడుకుని. నీ దగ్గర కూడా అడిగి తీసుకోవాలా?"

వదిన గరిటె కింద పెట్టింది. "ఆ రాజూ అదే అంటున్నాడటగా. మీరు నా బిడ్డలు, మిమ్మల్ని అడిగేదేంటని."

"దానికీ దీనికీ పోలికేంటమ్మా?"

"తిను, చల్లారిపోతోంది" అంది వదిన. వాడు తినకుండానే లేచిపోయాడు.

కంచె దగ్గర నన్ను పట్టుకున్నాడు. "అత్తా, నువ్వైనా చెప్పు. ఒంటికి తారు పూసి, ఈకలు అద్ది ఊరేగిద్దామంటున్నవాళ్లు ఉన్నారు. మా అమ్మకి! రేపు ఆ పెట్టె మంటలో పడాలి. పడకపోతే నేను ఆపలేను" అన్నాడు. నేను వెళ్లి వదినకి చెప్పాను. "పెట్టె పోతే పోయింది. నా కొడుకే ఆ సుంకంవాడిలా సుద్దముక్క పట్టుకుని నా గుమ్మంలోకి వస్తే, నేనింక వాణ్ణి ఏ మొహంతో చూడనే?" అంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ కాపలా కాస్తున్నది టీకి కాదని. ఇద్దరూ నావాళ్లే, ఇద్దరూ మొండివాళ్లే.

మర్నాడు నీళ్లు వెనక్కి తగ్గాక ఒడ్డున మంట వేశారు. ఊరంతా కదిలొచ్చింది. ఎవడో తారు బక్కెట్టు కూడా తెచ్చాడు. తోసుకుంటూ, అరుచుకుంటూ పాకలోకి జొరబడ్డారు. పెట్టె మీద పుల్లలు కనబడేసరికి ఎవరి కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

డీకన్‌గారు గొంతు సవరించుకున్నారు. "బెతయా, ఆ పుల్లలు తీసెయ్యమ్మా."

"ఎందుకు?"

"అవి ఉండగా మేమెలా ముట్టుకుంటాం?"

"ముట్టుకోవద్దనే కదయ్యా పెట్టింది!"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. జోయెత్ మొహం కందిపోయింది. అందరి ముందూ, అమ్మ చేతిలో నవ్వులపాలయ్యాడు. ముందుకొచ్చి కాలితో పుల్లల్ని ఒక్క తన్ను తన్నాడు. ఒకటి విరిగింది, ఇంకోటి వెళ్లి గోడకి తగిలింది.

"అయ్యయ్యో" అంది ఎవరో ముసలమ్మ.

"పట్టండి!" అన్నాడు జోయెత్. ఎవరూ కదల్లేదు. "పట్టండిరా, చూస్తారేం?" తారు బక్కెట్టు పట్టుకున్నవాడు కూడా నేల చూపులు చూస్తున్నాడు. జోయెత్ ఒక్కడే వంగి పెట్టెని లాగాడు. అది కదల్లేదు. భుజం ఆనించి తోశాడు, కదల్లేదు. ఇరవై ఏళ్ల మగాడు, చెమటలు కక్కుతూ, అంతమంది కళ్లముందు ఒంటరిగా ఆ చెక్కతో కుస్తీ పట్టాడు. నాకు ఏడుపొచ్చింది. వదిన అడ్డుపడలేదు, చూస్తూ నిలబడింది.

"మీ నాన్న ఓడ మీద గీసినవాడు సుద్దముక్కతో గీశాడు. నువ్వు కాలితో తన్నావు. ఇంకేం తేడా లేదురా" అంది.

జోయెత్ ఆగిపోయాడు. పెట్టె మీద తల వాల్చాడు. తర్వాత లేచి, గోడ దగ్గర పడ్డ పుల్ల తెచ్చాడు. రెండోది విరిగిపోయింది, దానికి బదులు కట్టెల మోపులోంచి ఒకటి లాగి, రెండూ మళ్లీ అడ్డంగా పెట్టాడు. టోపీ తీశాడు.

"అమ్మా, ఈ పెట్టె మాకిస్తావా?"

డీకన్‌గారికి ప్రాణం లేచొచ్చింది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగాడుగా! ఇచ్చెయ్ బెతయా."

"ఇవ్వను" అంది వదిన.

ఒక్కసారిగా అరుపులు. "ఇదేం మనిషమ్మా?", "అడిగినా ఇవ్వదంటే దీనర్థమేంటి?" అని తలో మాటా. వదిన గొంతు పెంచకుండానే అంది, "కాదనే వీలు లేనప్పుడు అడగడమెందుకు? అడిగారు, సంతోషం. ఇవ్వనన్నాను. ఇక ఇళ్లకెళ్లండి."

తారు బక్కెట్టువాడు ఒక అడుగు ముందుకేశాడు. జోయెత్ వాడికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అడిగాం. కాదంది. పదండి" అన్నాడు. గుంపు ఒక్కొక్కరే జారుకుంది. ఒడ్డున మంట దేన్నీ కాల్చకుండానే ఆరిపోయింది.

సాయంత్రం జోయెత్ బట్టలు మూటకట్టుకున్నాడు. "నువ్వన్నది న్యాయమే అమ్మా. కాదనను. కానీ ఆ పెట్టె ఉన్న చూరు కింద నేనుండలేను" అని డీకన్‌గారి గడ్డిపాకలో కాపురం పెట్టాడు. వదిన గుమ్మం దాకా వెళ్లి ఆగింది. పిలవలేదు. పిలిస్తే వచ్చేవాడేమో. దిక్కుమాలిన పౌరుషం.

ఊరు ఆవిడ మీద చెయ్యి వెయ్యలేదు, మొహం మాత్రం తిప్పుకుంది. గాలిమరవాడు ఆవిడ మొక్కజొన్న గింజలు విసరనన్నాడు. చర్చిలో ఆవిడ పక్కన బల్ల ఖాళీ. పొయ్యి ఆరిపోతే నిప్పు ఇచ్చే ఇల్లు లేదు, మాది తప్ప. నన్నూ నాలుగు మాటలన్నారు, నేను ఎనిమిది అప్పజెప్పాను. చలికాలమంతా ఆవిడ పొగగొట్టం దగ్గరికొచ్చి వాసన చూసిపోయేవాళ్లు, టీ కాస్తోందేమోనని. వాళ్ల ముక్కులు గడ్డకట్టాయే గానీ ఏమీ తెలియలేదు. నేనే ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"తెరిచావా వదినా?"

"నీకెందుకు?"

ఆ చలికాలం పోయి, ఇంకో చలికాలం వచ్చి పోయింది. తల్లీ కొడుకూ దారిలో ఎదురుపడితే ఇద్దరూ సముద్రం వైపు చూసేవారు. వదిన నడక మరీ ఎక్కువైంది. పొద్దునొకసారి సరిపోయేది కాదు, మధ్యాహ్నమూ వెళ్లేది. పొయ్యిలోకి చెక్కలు తెచ్చుకునేది కాదు కూడా.

తర్వాతి ఏప్రిల్‌లో బోస్టన్ అవతల రాజుగారి సైనికులకీ మన రైతులకీ కాల్పులు జరిగాయని గుర్రం మీద కబురొచ్చింది. మా కుర్రాళ్లంతా పడవ సిద్ధం చేసుకున్నారు, మొదట పేరిచ్చింది జోయెత్. బయల్దేరే రోజు ఊరంతా ఒడ్డునే ఉంది, వదిన తప్ప. వాడు నాతో మాట్లాడుతూనే ఇసుకదిబ్బ మీదికి చూస్తున్నాడు. "అమ్మ రాలేదా అత్తా?" అని అడగలేదు. చూపుతో అడిగాడు. నాకు వదిన మీద ఎక్కడలేని కోపమొచ్చింది. జుట్టు పట్టి ఈడ్చుకొద్దామని దిబ్బ ఎక్కాను.

పాక ముందు మంట. వదిన గొడ్డలితో పెట్టె పగలగొట్టి, టీ ఆకుని చేటలకెత్తి నిప్పుల్లో పోస్తోంది. ఆ వాసన! ఎన్నేళ్లయింది ఆ వాసన చూసి! నోట్లో నీళ్లూ కళ్లలో నీళ్లూ ఒకేసారి వచ్చాయి. పెట్టె లోపలి సీసం రేకు విప్పి పక్కన పరిచి ఉంది. అంచుల్లో అతుకు ఎక్కడా ఊడలేదు, పైన గొడ్డలి పడ్డ చోటు తప్ప ఎక్కడా బెజ్జం లేదు. ఇన్నాళ్లూ ఆవిడ ఆ రేకు మీద గోరు కూడా పెట్టలేదు.

"వదినా! ఒక్కసారైనా తాగలేదా?"

"మీ అన్న ఓడ మింగినవాళ్ల టీ, నాకెలా దిగుతుందనుకున్నావే గొంతులో?"

"మరి ఆ రోజే ఇచ్చేస్తే ఏం పోయేది? ఇన్నాళ్లు ఈ నరకమెందుకు?"

"ఆ రోజు వాళ్లు తీసుకోడానికొచ్చారు. ఇవాళ నేనిస్తున్నాను. వాగింది చాలు గానీ ఇది పట్టుకెళ్లు." సీసం రేకుని చుట్టచుట్టి నా చేతుల్లో పడేసింది. "వాడికియ్యి. తుపాకీ గుళ్లకి పోసుకోమను."

ఆ బరువుకి నా నడుం వంగిపోయింది. మెట్ట దిగబోతూ వెనక్కి తిరిగితే, చేటలో ఆఖరి పిడికెడు ఆకు మంటలో వెయ్యకుండా లంగా జేబులో దోపుకుంటోంది. చూసీ చూడనట్టు పరిగెత్తాను.

పడవ నీళ్లలోకి దిగిపోయింది. జోయెత్ మోకాళ్లలోతు నీళ్లలోకి ఎదురొచ్చాడు. పొగ వాసన అప్పటికే అక్కడికి వచ్చేసింది, ఊరంతా గాలి పీలుస్తూ దిబ్బ వైపు చూస్తోంది. గాలిమరవాడు తల దించుకున్నాడు. నేను సీసం చుట్ట జోయెత్ చేతుల్లో పెట్టాను. అంచులు తడిమి చూసుకున్నాడు, నాలాగే. వాళ్లమ్మ దాన్ని తెరవనేలేదని వాడికీ అర్థమైంది.

"అడక్కుండానే ఇచ్చిందా అత్తా?"

"అడక్కుండానే."

వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పక్కవాళ్లు రెక్క పట్టి పడవలోకి లాక్కున్నారు. వదిన దిబ్బ మీద చేట పట్టుకుని నిలబడి, పడవ కనబడినంతసేపూ చూసింది.

యుద్ధం అనుకున్నదానికంటే చాలా ఎక్కువకాలం సాగింది. వాడు పట్టుబడ్డాడనీ, ఖైదీల ఓడలో ఉన్నాడనీ ఒకసారి తెలిసింది. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. వదిన ఒడ్డున నడుస్తూనే ఉంది, ఎవరూ ఏమీ అడగలేదు. చెక్కల కోసం అని ఆవిడా చెప్పలేదు. యుద్ధం ముగిసింది, ఇప్పుడు రాజు ఏలుబడి లేదు. పన్నులు మాత్రం ఉన్నాయి, వేసేది బోస్టన్‌లో మనవాళ్లే. అందర్నీ అడిగే వేస్తున్నారట. నన్నైతే ఎవరూ అడగలేదు. వదిననీ అడగలేదు. ఆడవాళ్లం కదా, మేం అందరిలో రాం.

జోయెత్ ఒక మంచు పొద్దున కర్ర సాయంతో కుంటుకుంటూ వచ్చాడు. మనిషి సగమైపోయాడు. అమ్మ గుమ్మం ముందు ఆగి, తలుపు తీసే ఉన్నా లోపలికి రాకుండా, "అమ్మా, రావచ్చా?" అన్నాడు.

"రా" అంది వదిన. వాణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, నీళ్లు మరగబెట్టి, బట్టల పెట్టె అడుగునుంచి ఒక పాత మేజోడు తీసింది. అందులో ఆ పిడికెడు ఆకు. ఏళ్ల తరబడి దాచి దాచి దుమ్ములా అయిపోయింది.

"తాగుతావా నాయనా?"

వాడు మేజోడు వైపు చూశాడు, నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. "వద్దమ్మా. ఆ మేక కక్కిన నీళ్లే పొయ్యి."

వదిన పకపకా నవ్వింది. అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో. వాడికి ముళ్లపండ్ల ఆకు కాచి ఇచ్చింది, తనకి టీ పోసుకుంది. బల్ల లాక్కుని, వాడి పక్కన, గాలి ఎటు తిరిగిందో కూడా చూడకుండా, కూర్చుంది.